అమజ్యా గారూ, కాఫీ!

నా మీద నాకో గట్టి నమ్మకం ఉండేది. ఎప్పుడైనా ఏ చక్రవర్తో నన్ను సింహాల బోను ముందు నిలబెట్టి "క్రీస్తును కాదంటావా, ప్రాణం వదులుకుంటావా" అంటే, చొక్కా పై గుండీ ఊడదీసి "సింహాన్ని వదలండి" అనగలనని. ఈ ఘట్టాన్ని ఎన్నోసార్లు ఊహించుకున్నాను, మంచం మీద పడుకునే. ఊహలో మా గుడి జనమంతా గోడెక్కి చూస్తుంటారు. మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ "ఈయన విలువ నాకు తెలియలేదు" అంటుంది. క్వయర్ వాళ్ళు సన్నగా రాగం తీస్తుంటారు.

ఓ పొద్దున ఈ సంగతి మా ఆవిడ చెవిన వేశాను.

"సింహం సంగతి తర్వాత. ఐదున్నరకి మోగిన అలారం గొంతు నొక్కి మళ్ళీ ముసుగుతన్నారు చూశారూ, ముందు దాని సంగతి చెప్పండి" అంది.

ప్రభువు సన్నిధిలో కాసేపు కూర్చోవాలని నేనే పెట్టుకున్న అలారం అది. ఫోన్లో దానికి "ఏకాంత ప్రార్థన" అని పేరు కూడా పెట్టాను. రోజూ ఐదున్నరకి ఠంచనుగా మోగుతుంది. మా ఇద్దరిలో నమ్మకంగా ఉన్నది ఫోనే.

మీరు నవ్వుతున్నారు గానీ, మీ ఫోన్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. మీది ఏ గుడైనా కానివ్వండి, తెల్లారుజామునే లేస్తానని దేవుడికి మాటిచ్చి లేవనివాళ్ళందరిదీ ఒకటే సంఘం.

మాది గుంటూరు. తాతల కాలం నుంచీ లూథరన్లం. మీసం రాకముందే తెల్లచొక్కా తొడుక్కుని, సంఘం ముందు నిలబడి, ఊపిరున్నంత కాలం ఈ విశ్వాసంలోనే ఉంటానని మాటిచ్చాను. కన్ఫర్మేషన్ అంటాం. ఆ మాట ఇచ్చేటప్పుడు నా ధ్యాసంతా కొత్త బూట్ల మీదే. కుడికాలిది కరుస్తోంది. అంతకుముందు మాచేత లూథరు చిన్న కాటకిజం వల్లె వేయించారు. 1529లో లూథరు దాన్ని రాసింది ఇంటి యజమాని తన ఇంటివాళ్ళకి నేర్పడం కోసం. ఆ ముక్క అందులోనే రాసి ఉంటుంది. ఇంటి యజమాని అన్నచోట నేను ఇప్పటికీ కాస్త నిటారుగా కూర్చుంటాను. మా పిల్లలకి పది ఆజ్ఞలూ విశ్వాస ప్రమాణమూ నేర్పిందెవరని మాత్రం అడక్కండి. ఆ సమయంలో నేను బ్యాంకులో ఉండేవాణ్ణి. ఆదివారాలు కూడానా అని అసలే అడక్కండి.

డిసెంబరు 31 రాత్రి మా గుళ్ళో వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక వాగ్దానపు కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లా పెట్టి ఉంటాయి. తలా ఒకటి తీసుకోవాలి, ఏడాదంతా అదే మన వాక్యం. ఇది లాటరీ కాదని పాస్టరు అయ్యగారు ఏటా చెబుతారు, మేం ఏటా వణికే వేళ్ళతో తీస్తాం. ఆమధ్య ఒక ఏడాది మావాడికి ద్వితీయోపదేశకాండంలోని తల, తోక వాగ్దానం వచ్చింది. వాడి లెక్కల మార్కులు తెలిసినవాళ్ళెవరూ నోరెత్తలేదు. మా ఆవిడకి సమాధానం గురించిన వాక్యం. నాకు ప్రకటన గ్రంథం రెండో అధ్యాయం, పదో వచనం. చావొచ్చేదాకా నమ్మకంగా ఉన్నవాడికి జీవకిరీటం దక్కుతుందని స్ముర్న సంఘానికి ప్రభువు రాయించి పంపిన మాట.

కిరీటం సరే. కొత్త సంవత్సరం పుట్టి పది నిమిషాలు కాలేదు, చావు మాటేమిటి? ఎవరూ చూడటం లేదనుకుని కార్డు మళ్ళీ పళ్ళెంలోకి జార్చి, ఇంకోదాని మీద చెయ్యి వేశాను.

"అన్నయ్యగారూ, మనిషికి ఒకటేనండీ" అంది అమ్మగారు. అయ్యగారి భార్య కదా, మెల్లగానే అంది. కానీ ఆవిడ చేతిలో మైకు ఉంది.

స్కూటరు మీద ఇంటికొస్తుంటే మనసంతా దిగులు. వెనక కూర్చున్న మా ఆవిడ ఓదార్చింది. ఓదారుస్తోందనే అనుకున్నాను.

"ఏడు సంఘాలకి ఉత్తరాలు వెళితే అందులో చీవాట్లు పడనివి రెండే, స్ముర్న, ఫిలదెల్ఫియ. మీకు చీవాట్లు లేని కార్డు రావడమే గొప్ప. గుంతలు చూసి పోనివ్వండి."

ఆ స్ముర్నే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. రెండో శతాబ్దంలో అక్కడ పాలీకార్పు అనే ముసలి బిషప్పు ఉండేవాడు. క్రీస్తుని నిందిస్తే వదిలేస్తానని రోమా అధికారి ఎంత బతిమాలినా వినలేదు. 86 ఏళ్ళ కొలువులో ఆయనవల్ల తనకే కీడూ జరగలేదని, అలాంటి రాజుని ఏ నోటితో తిట్టగలనని చెప్పి మంటల దగ్గరికి నడిచాడు. సింహానికి బదులు మంటలే గానీ, నా మంచం మీది కథకి మూలపురుషుడు ఈయనే. అయితే ఆయన చరిత్రలో అంతకంటే నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. సైనికులు పట్టుకోవడానికి వస్తే, ప్రార్థన చేసుకుంటానని గంట అడిగి రెండు గంటలు చేశాడు.

కుటుంబ ప్రార్థన విషయంలో నా మీద ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ఈ ముక్కనే పైకి తీస్తాను.

ఫిర్యాదు ఏమిటంటారా? రాత్రి ఎనిమిదికి నలుగురం కూర్చుంటాం. నా ప్రార్థన మా వీధిలో బయల్దేరి, సంఘం, జిల్లా, ఇద్దరు ముఖ్యమంత్రులు, ప్రధానమంత్రి, రైతులు, రైళ్ళు, సరిహద్దులో సైనికులు, ఇశ్రాయేలు దేశం మీదుగా మళ్ళీ మా ఇంటికి చేరుతుంది. చేరేసరికి పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోతుంటారు. పైగా నేను మామూలుగా మాట్లాడే తెలుగులో ప్రార్థించను. "స్తోత్రార్హుడవగు తండ్రీ, నీ పాదపద్మములను సమీపించుచున్నాము" అని మొదలెడతాను. మావాడు చిన్నప్పుడు వాళ్ళమ్మని అడిగాడట: "డాడీ దేవుడితో మాట్లాడేటప్పుడు ఎవరి గొంతు పెడతాడు?"

పాలీకార్పు రెండు గంటల సంగతి ఇంట్లో మొదటిసారి ప్రయోగించినప్పుడు మా ఆవిడ నిదానంగా వింది.

"ఆ ముసలాయన ప్రార్థన మొదలెట్టే ముందు, వచ్చిన సైనికులకి కడుపునిండా అన్నం పెట్టించాడు. అదీ ఆ కథలోనే ఉంది. మీరు మా కూరలు చల్లార్చి చేస్తారు."

చూశారా? ఆ కథ ఉన్న పుస్తకం కొన్నది నేను.

మా అమ్మాయి చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్ళాక, ధైర్యంగా ఇంకో రహస్యం బయటపెట్టింది. "నీ ప్రార్థన ఎప్పుడైపోతుందో మాకు ముందే తెలిసేది డాడీ. మన టీవీ ఆపేసేవాళ్ళం గానీ పక్కింటి టీవీ వినబడేది కదా. వికెట్ పడ్డ అరుపు రాగానే నువ్వు ఇశ్రాయేలు దాకా వెళ్ళకుండానే ఆమెన్ అనేసేవాడివి."

ఇక బైబిలు చదవడం. అరవై ఆరు పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. ఈ లెక్క నాకు నోటికి వచ్చు, బ్యాంకు మనిషిని. ప్రతి జనవరి ఒకటిన కొత్త బుక్‌మార్కుతో, రెండు రంగుల పెన్నులతో ఆదికాండం మొదలెడతాను. ఆదికాండం పరుగెడుతుంది. అన్నదమ్ముల తగాదాలు, మామల మోసాలు, మన ఇళ్ళలో జరిగేవే. నిర్గమకాండం సగం వరకు బాగానే ఉంటుంది, గుడారం కొలతలు వచ్చేదగ్గర ఆవులింతలు మొదలవుతాయి. జనవరి నెలాఖరుకి లేవీయకాండం గడప తొక్కుతాను. ఎరుపు పెన్ను అక్కడ మూతపడుతుంది. నా బైబిలు పక్కనుంచి చూస్తే మొదటి వేలెడు మందం మాత్రమే మాసి ఉంటుంది, ఆ తర్వాత సువార్తల దాకా తెల్లగా మెరుస్తుంటుంది.

ఒక ఫిబ్రవరిలో మంచం మీద ఆ పుస్తకం గుండెల మీద పెట్టుకుని కునుకు తీస్తుంటే మా ఆవిడ వచ్చింది.

"ఎక్కడి దాకా వచ్చారు?"

"పదమూడో అధ్యాయం. చర్మవ్యాధులు."

"పద్నాలుగు కూడా చదవండి. ఇంటిగోడకి పచ్చగానో ఎర్రగానో చెమ్మమచ్చ పడితే యాజకుణ్ణి పిలవాలి, ఆయన చూసి ఇల్లు ఏడు రోజులు మూయించాలి, మచ్చ పాకితే ఆ రాళ్ళు పీకించి కొత్తవి పెట్టించాలి, సున్నం గీకించాలి. మీ తలవైపు గోడకి చెమ్మ దిగి రెండు వానాకాలాలైంది. యాజకుడొద్దు గానీ కనీసం మేస్త్రీనైనా పిలవండి."

లేవీయకాండం ఈ కాలానికి పనికిరాదన్నవాళ్ళని ఇక మా ఇంటికి రానివ్వను.

ఆవిడకి ఇవన్నీ ఎలా తెలుసని ఆరా తీస్తే తేలింది, వంటింట్లో పోపులడబ్బా పక్కన ఒక పాత బైబిలు ఉంది, అట్ట మీద పసుపు మరకలు. ఏటా డిసెంబరులోగా ఆద్యంతం అయిపోతుందట. కుక్కరు మూడు విజిల్స్ వచ్చేలోపు ఒక అధ్యాయం. పప్పు రోజు చిన్న అధ్యాయాలు. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి కాబట్టి దాన్ని మటన్ వండే ఆదివారానికి అట్టేపెడుతుంది. బుక్‌మార్కు లేదు, కరివేపాకు రెబ్బ ఉంది. ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీరు వంటింట్లోకి ఎప్పుడొచ్చారని?" అంది.

కానుకల దగ్గరికొద్దాం. ఇది కాస్త సిగ్గుపడే విషయం, దగ్గరగా రండి.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు. నా ఎడమచేతికే కాదు, మా బెంచీ మొత్తానికీ తెలిసేది. కానుక సంచి రెండు బెంచీల అవతల ఉండగానే ఐదువందల నోటు బయటికి తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచేవాణ్ణి. ఇప్పుడు గుడి తలుపు దగ్గర క్యూఆర్ కోడ్ అంటించారు. అందరూ ఫోన్లలోకి తల వంచుతున్నారు. ఎవరు ఎంతేశారో, అసలు వేశారో, వాట్సాప్ చూసుకుంటున్నారో తెలియదు. రెండు వేల ఏళ్ళుగా ప్రసంగాల వల్ల కానిది ఆ చిన్న చదరపు కాగితం సాధించింది. నాకు మాత్రం కానుక ఇచ్చిన తృప్తే పోయింది.

అందుకే కోత పండుగ కోసం కాచుకుని ఉంటాను. ఆ రోజు ఆడవాళ్ళు పెరట్లో పండినవీ పొలంలో పండినవీ తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. కొబ్బరికాయలు, అరటి గెలలు, కందులు, గుడ్లు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక వేలం. సంఘ కార్యదర్శి మైకు పట్టుకుంటాడు. మైకులో మన పేరు ఇంటిపేరుతో సహా వినబడే రోజు ఏడాదికి అదొక్కటే.

ఆ ఏడాది ఒక గుమ్మడికాయ వచ్చింది. యాభై రూపాయల దగ్గర మొదలైంది. నేను వంద అన్నాను. ముందు బెంచీలో రిటైరైన పెద్ద ఉద్యోగి ఒకాయన నూటయాభై అన్నాడు. ఆయనకి గుమ్మడికాయ అక్కర్లేదని నాకు తెలుసు, నాకు అక్కర్లేదని ఆయనకీ తెలుసు. వెయ్యి దాటాక జనం వెనక్కి తిరిగి చూడటం మొదలెట్టారు. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ కనుసైగలు చేస్తోంది. ప్రోత్సాహం అనుకున్నాను. రెండు వేలన్నాను. ఆయన రెండువేల ఐదువందలు. నేను రెండువేల ఆరువందలు అనగానే ఆ పెద్దమనిషి చేతులు కట్టుకుని హాయిగా కూర్చున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చప్పట్లు. కాయ నా ఒళ్ళోకి వచ్చాక చూస్తే, తొడిమకి ఎర్రదారం కట్టి ఉంది. మా పెరటి పాదు కాయలకి దిష్టి అని పనమ్మాయి కట్టే దారం. మా ఆవిడ పొద్దున్నే ఆటోలో పెట్టుకుని తెచ్చిన మా కాయే అది.

అంతటితో పోయినా బాగుండేది. కార్యదర్శి దగ్గరికొచ్చి, "ఇది హాస్టల్ పిల్లలకి ఇచ్చేద్దామా అండీ? పులుసు పెట్టుకుంటారు" అన్నాడు. నా నోటివెంట వచ్చిన మాట ఇదీ:

"మరి నేను డబ్బు కట్టాను కదండీ?"

అప్పటికి మా ఆవిడ నా వెనకే ఉంది. ఏమీ అనలేదు. కాయ నా చేతుల్లోంచి తీసి హాస్టల్ పిల్లాడి చేతికిచ్చింది. మర్నాడు పొద్దున కప్పు బల్ల మీద పెడుతూ అంది: "అమజ్యా గారూ, కాఫీ!"

అమజ్యా ఎవరో గుర్తు రాలేదు. చెప్పానుగా, లేవీయకాండం అవతల నాకు పెద్దగా బంధువులు లేరు. వెతికితే రెండవ దినవృత్తాంతాలు, 25వ అధ్యాయం. యూదా రాజు, పాతికేళ్ళకి గద్దెనెక్కి 29 ఏళ్ళు ఏలాడు. దేవుడి దృష్టికి మంచిగానే నడుచుకున్నాడుగానీ, నిండు మనసుతో కాదు అని ఆయన జీవితం మొత్తాన్నీ మొదట్లోనే తేల్చేశారు. ఎదోము మీద యుద్ధానికి ఇశ్రాయేలు వాళ్ళని లక్షమందిని కిరాయికి తెచ్చుకుని, వెండి ముందే ముట్టజెప్పాడు. ఒక దైవజనుడొచ్చి వాళ్ళని తీసుకెళ్ళొద్దు, దేవుడు వాళ్ళతో లేడన్నాడు. అప్పుడా రాజుగారు అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? మరి నేనిచ్చిన డబ్బు మాటేమిటని.

చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఆయన విగ్రహాలకి మొక్కడం తర్వాతి కథ. నాకు మాత్రం అసలు మనిషి ఆ ప్రశ్నలోనే దొరికిపోయాడు. పిసినారి కాడు, దేవుడి మాట కాదనలేదు, సైన్యాన్ని వెనక్కి పంపేశాడు కూడా. కానీ పంపుతూ రసీదు వైపు చూశాడు. నేను బ్యాంకులో మేనేజర్నైతే ఆయనకి వెంటనే ఖాతా తెరిచేవాణ్ణి.

అప్పటి నుంచి ఇంట్లో నా పేరు అదే. ఓసారి ఎదురుతిరిగి సొలొమోనుని తెచ్చాను. "అంతటి జ్ఞానికే ముసలితనంలో మనసు జారింది. నేనెంత?" అన్నాను. ఏడువందలమంది భార్యలు, మూడువందలమంది ఉపపత్నులు ఆయన మనసు తిప్పేశారని మొదటి రాజుల గ్రంథం చెబుతుంది. తీరా చూసుకుంటే ఆ వాదం నాకే తిరగబడింది. సొలొమోనుకి చెప్పుకోవడానికి వెయ్యి సాకులున్నాయి. నాకున్న ఒక్క సాకూ ప్రతి ఆదివారం నన్ను గుడికి తరుముతోంది.

మడమ నొప్పి వచ్చిన ఏడాది పేరు మారింది. ఆసా రాజు ఎన్నో ఏళ్ళు దేవుణ్ణి నమ్ముకుని, ఏలుబడిలో 39వ ఏట పాదాలకి జబ్బు చేస్తే వైద్యుల దగ్గరికే వెళ్ళాడుగానీ దేవుణ్ణి అడగలేదు. "డాక్టరు దగ్గరికి వెళ్ళడం తప్పా?" అని నిలదీశాను. "డాక్టర్ని ఎవరు తప్పుబట్టారు? ఆయన అపాయింట్‌మెంటుకి అరగంట ముందే వెళ్ళి కూర్చున్నారు, అదే చూస్తున్నాను" అంది. మేం గుళ్ళో అడుగుపెట్టేసరికి మొదటి కీర్తన అయిపోయి ఉంటుంది. అయ్యగారి ప్రసంగంలో నాకు బాగా తెలిసినది ముగింపే.

ఆవిడ పెళ్ళితోబాటు వాళ్ళమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న అలవాటు ఒకటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడికని ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. డబ్బా నిండితే గుడికి. పిడికెడు బియ్యం అంటాం, మా ఊళ్ళలో ముసలమ్మలందరికీ తెలిసిన సంగతే. ఒకసారి ఆవిడ ఊరెళ్ళినప్పుడు చుట్టాలొచ్చి, బియ్యం చాలక, ఆ డబ్బాలోంచి రెండు గ్లాసులు తీసి వండేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వచ్చి డబ్బా ఎత్తి చూసి, మాట్లాడకుండా మూడు గ్లాసులు కొలిచి పోసింది. ఆ మూడో గ్లాసు వడ్డీ అట. బ్యాంకులో అన్నేళ్ళు పనిచేసినా అంత త్వరగా వసూలు నేనెప్పుడూ చూడలేదు.

మా గుంటూరులో పుట్టినవాడికి ఇంకో కష్టముంది. ఎటు తిరిగినా ఎవరో ఒక నమ్మకస్తుడి గుర్తు కనబడుతుంది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న ఈ ఊరు చేరాడు. తర్వాత అమెరికా వెళ్ళిపోయాడు, హాయిగా ఉండొచ్చు. 1869లో రాజమండ్రి మిషను వేరేవాళ్ళకి అప్పజెప్పేస్తారని విని, 76 ఏళ్ళ వయసులో నేను వెళతానని లేచి మూడోసారి ఓడెక్కాడు. కుగ్లర్ ఆసుపత్రి ముందు నుంచి పోయినా అంతే. అన్నా కుగ్లర్ వైద్యం చదువుకుని 1883లో వస్తే, వైద్యం చేయడానికి మిషను ఇంకా సిద్ధంగా లేదు. మొదట బడులూ, పరదాల వెనకుండే ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి నేర్పే పనీ ఇచ్చారు. అలిగి ఓడెక్కలేదు. ఆ పని చేస్తూనే రోగుల్ని చూసింది, ఆసుపత్రి కట్టింది, 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూసింది. నాకైతే క్రిస్మస్ నాటకంలో యోసేపు వేషం ఇవ్వకుండా గొర్రెల కాపరి వేషం ఇచ్చారని మూడు వారాలు క్వయర్‌కి వెళ్ళలేదు. అది కుర్రతనంలో కాదు, మొన్నమొన్నటి మాటే.

బ్యాంకులో నా పదవీ విరమణ సభలో కాలేబు గురించి మాట్లాడాను. గొంతు కూడా కాస్త బొంగురుపోయింది. నలభయ్యో ఏట వేగు చూడటానికి వెళ్ళినవాడు, నిండు మనసుతో దేవుణ్ణి వెంబడించినవాడు, 85 ఏళ్ళు వచ్చాక యెహోషువ దగ్గరికొచ్చి, నా బలం తగ్గలేదు, రాక్షసుల్లాంటి అనాకీయులుండే ఆ కొండసీమే నాకివ్వమన్నాడు. "నేనూ నా కొండని అడుగుతాను" అని ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. వారం తిరక్కుండా మా ఆవిడతో కలిసి ఇల్లు చూడటానికి వెళ్ళాం. మూడో అంతస్తు, గాలీ వెలుతురూ బాగున్నాయి.

"లిఫ్ట్ ఉందా?" అని అడిగాను.

"కొండ కావాలన్నారుగా?" అంది మా ఆవిడ, బిల్డరు ముందే.

కాలేబు విషయంలో నాకు ఊరట ఎక్కడ దొరికిందంటే, ఆయన ఇంట్లో. హెబ్రోనులో అనాకు కొడుకులు ముగ్గుర్నీ తరిమేసిన వీరుడి దగ్గరికి కూతురు అక్సా గాడిదెక్కి వచ్చి దిగింది. నీకేం కావాలమ్మా అన్నాడు. ఎండుభూమి ఇచ్చావు, నీటి ఊటలు కూడా ఇవ్వమంది. ఎగువ ఊటలూ ఇచ్చాడు, దిగువ ఊటలూ ఇచ్చాడు. బేరం ఆడిన దాఖలా ఎక్కడా లేదు. ఆ భాగం చదివినప్పుడు మొదటిసారి నాకు కాలేబు మా వీధివాడే అనిపించింది. మా అమ్మాయి కాలేజీ రోజుల్లో స్కూటీ అడిగితే ససేమిరా అన్నాను. సాయంత్రానికి స్కూటీ కొన్నాను. మర్నాడు పెట్రోలు కూడా అడిగింది.

ఇప్పుడా అమ్మాయి బెంగళూరు నుంచి రాత్రి వీడియో కాల్ చేస్తుంది. కుటుంబ ప్రార్థన ఫోన్లోనే. ఫోను పోపులడబ్బాకి ఆనించి నిలబెడతాం, మావాడు వెనక నుంచి తల దూరుస్తాడు. మొన్న శుక్రవారం నన్నే చేయమంది. చాన్నాళ్ళకి ప్రేక్షకులు దొరికారు కదా, వీధి నుంచి బయల్దేరి ముఖ్యమంత్రులని దాటి, సరిహద్దు మీదుగా ఇశ్రాయేలు దాకా వెళ్ళి, యూరప్ కూడా చుట్టి వచ్చాను. పక్కింట్లో మ్యాచ్ కూడా లేదు. ఇంతమంచి ప్రార్థన ఈమధ్య చేయలేదని నాకే అనిపించింది. ఆమెన్ అని కళ్ళు తెరిచాను.

"డాడీ, నువ్వు మ్యూట్‌లో ఉన్నావు" అంది మా అమ్మాయి. "మొదటి నుంచీ."

"చెప్పొచ్చు కదమ్మా?"

"కళ్ళు మూసుకున్నావుగా, ఎలా చెప్పను? మెసేజ్ పెట్టాను. తమ్ముడు చూశాడు."

మావాడు పైకప్పు వైపు చూస్తున్నాడు.

మళ్ళీ గొంతు సవరించుకున్నాను. మా ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "దేవుడికి మ్యూట్ ఉండదు. ఆయనకి వినాల్సిందంతా వినబడింది. మళ్ళీ మొదలెట్టకండి, చేపలపులుసు చల్లారిపోతుంది." అని తనే కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే నాలుగు ముక్కలు చెప్పింది. పిల్ల ఒంటరిగా ఉంటోంది, చూసుకో. పిల్లాడి పరీక్షలు, చూసుకో. ఈయన మడమ, చూసుకో. ఈ పూట తిండి పెట్టావు, మేలు.

ఆమెన్ మాత్రం నేనే గట్టిగా అన్నాను. మావాడు అప్పటికే మ్యూట్ తీసేశాడట. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న మా అమ్మాయి "అబ్బా డాడీ!" అని అరిచి కాల్ కట్ చేసింది.